మామ లెక్క తప్పుతున్నారు, సాయంత్రమైతే చెట్టు కింద పిల్లలు ఉన్నారంటారు. ఇదీ పార్కిన్సన్సేనా?

అనంతపురం_పెద్దకోడలు | ఫిబ్రవరి 9, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. పెద్దగా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

మా మామకు 72 ఏళ్ళు. ముప్పై ఏళ్ళు శెనక్కాయల వ్యాపారం చేశారు. క్వింటాలు ధర చెప్తే చాలు, ఎన్ని బస్తాలకు ఎంతవుతుందో కాగితం లేకుండా చెప్పేవారు. ఏడాదిన్నర కింద నడక నిదానమై చేతులు బిగుసుకుపోతుంటే ఇక్కడే ఒక డాక్టర్‌కి చూపించాం. పార్కిన్సన్స్ అని మందులు రాశారు. వణుకు పెద్దగా లేదు. మందులతో నడక కొంచెం నయమైంది.

కానీ ఆరేడు నెలలుగా మనిషి మారిపోయారు. నిన్న పాలవాడికి 1,200 ఇవ్వాలి. చాప మీద రెండు ఐదొందల నోట్లు, రెండు వంద రూపాయల నోట్లు పరిచారు. మళ్ళీ దగ్గరికి తీశారు, మళ్ళీ పరిచారు. ఇరవై నిమిషాలు అదే పని. చివరికి నోట్లన్నీ దిండు కింద పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నారు. చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ఇంకోటి, పొద్దు గూకే వేళ వాకిట్లో వేపచెట్టు కింద ముగ్గురు పిల్లలు కూర్చున్నారంటారు. భయపడరు, "పాపం వాళ్ళకు కొన్ని బొరుగులు పెట్టమ్మా" అంటారు. ఒక్కోరోజు పొద్దున పేపర్ చదివి ఊరి సంగతులన్నీ చక్కగా మాట్లాడతారు, ఆ మధ్యాహ్నానికే నేనెవరో తెలియనట్టు చూస్తారు. మా అత్తేమో గాలి సోకింది, తాయెత్తు కట్టించాలంటుంది. మా ఆయనేమో "నాయన ముందునుంచీ మొండి, కావాలని చేస్తున్నాడు" అంటారు. పార్కిన్సన్స్ కాళ్ళూ చేతులకు వచ్చే జబ్బే కదా, బుద్ధికి కూడా వస్తుందా? ఎవరింట్లోనైనా ఇట్లా జరిగిందా?

కడప_మనవడు | ఫిబ్రవరి 9, రాత్రి 10:52

అక్కా, మా జేజి కథ అచ్చం ఇది కాదు కానీ దగ్గరగా ఉంటుంది. మా జేజి వెల్లకిలా పడిపోయేది. ముందుకు కాదు, వెనక్కే. మొదటి ఏడాదిలోనే నాలుగుసార్లు. మేం కళ్ళ సమస్య అనుకుని రెండుసార్లు అద్దాలు మార్పించాం. ఎందుకంటే కంచంలో సంగటి ఉన్నా వేళ్ళతో తడుముకునేది, మెట్టు దిగేటప్పుడు కాలు ఎక్కడ వేస్తోందో చూసుకునేది కాదు. చివరికి వేలూరులో చెప్పారు, ఇది పార్కిన్సన్స్ కాదు, అట్లాగే కనిపించే వేరే మెదడు జబ్బు, పీఎస్‌పీ అని. కంటిచూపు బాగానే ఉంటుందట, కళ్ళు కిందికి తిప్పే శక్తి పోతుందట. 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీ అనే ముగ్గురు డాక్టర్లు దీన్ని వేరే జబ్బుగా గుర్తించి రాశారని అక్కడి డాక్టర్ చెప్పారు.

బుద్ధి సంగతికొస్తే, జేజిని మూడుసార్లు చప్పట్లు కొట్టమన్నారు. కొట్టడం మొదలుపెట్టి ఆపలేకపోయింది, డాక్టర్ చేయి పట్టుకునేదాకా కొడుతూనే ఉంది. ప్రశ్న అడిగితే మాట రాదు. మేం వేరే సంగతిలోకి వెళ్ళిపోయాక, నిమిషం తర్వాత, మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేది. అదీ సరైన జవాబే! అంటే జేజికి తెలుసు. మేమే ఆగలేదు. మా అక్క పెళ్ళిలో కదలకుండా మెదలకుండా కూర్చుంటే మా అత్తలు "ఎంత రాయి గుండె" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది నాకు. అది రాయి గుండె కాదు, మెదడు ముందుభాగం నుంచి రావాల్సిన ఉత్సాహమే రాకపోవడం.

మీ మామకు పిల్లలు కనిపించడం మాత్రం మా జేజికి లేదు. అది వేరే దారి అనిపిస్తోంది. డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్తారు.

కర్నూలు_మందులషాపు | ఫిబ్రవరి 10, ఉదయం 7:30

అమ్మా, ముందు ఒక పని చేయండి. ఇంట్లో ఆయన వేసుకునే ప్రతి మాత్ర పేరు రాయండి. పార్కిన్సన్స్ మందులే కాదు, గ్యాస్‌కి, తల తిరుగుడుకి, నిద్రకి, దురదకి, మూత్రానికి, ఎవరో చుట్టం ఇచ్చినవి కూడా. బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్నక్షరాల్లో ఉండే మందు పేరు. ఇరవై రెండేళ్ళుగా కౌంటర్‌లో నిలబడుతున్నా, అందుకే అడుగుతున్నా.

అనంతపురం_పెద్దకోడలు | ఫిబ్రవరి 10, ఉదయం 9:05

అన్నా, ఇవీ: లెవోడోపా కార్బిడోపా రోజుకు మూడుసార్లు. ట్రైహెక్సీఫెనిడిల్ 2 ఎంజీ రెండుసార్లు. గ్యాస్ మాత్ర, దాంట్లో రాబెప్రజోల్, లెవోసల్‌పిరైడ్ అని ఉంది, రోజూ పరగడుపున. ఇది నాలుగేళ్ళ కింద ఎవరో రాసిచ్చారు, అప్పటినుంచీ వేసుకుంటూనే ఉన్నారు. తల తిరుగుతుందంటే సినారిజిన్. నిద్రకు ఏదో పసుపు మాత్ర, స్ట్రిప్ చినిగిపోయింది, పేరు కనపడటంలేదు. బీపీకి ఆమ్లోడిపిన్.

కర్నూలు_మందులషాపు | ఫిబ్రవరి 10, ఉదయం 9:40

అనుకున్నంతా అయింది.

లెవోసల్‌పిరైడ్ గ్యాస్ మాత్రే అనుకుంటారు అందరూ. అది మెదడులో కదలికను నడిపే రసాయనమైన డోపమైన్‌కు అడ్డం పడుతుంది. పార్కిన్సన్స్‌లో తక్కువయ్యేదే డోపమైన్. అంటే ఒక చేత్తో డోపమైన్ పెంచే లెవోడోపా ఇచ్చి ఇంకో చేత్తో దాన్ని ఆపుతున్నట్టు. వణుకు, బిగుసుకుపోవడం ఈ మాత్రవల్లే మొదలైనవాళ్ళు కూడా ఉంటారు. సినారిజిన్ కూడా అంతే, పెద్దవయసువాళ్ళకు నెలల తరబడి వాడకూడదు. ట్రైహెక్సీఫెనిడిల్ వణుకు తగ్గిస్తుంది కానీ ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనాన్ని అడ్డుకుంటుంది. జ్ఞాపకానికీ ధ్యాసకూ అది కావాలి. డెబ్బై దాటినవాళ్ళకు ఈ మందు మతిమరుపు, అయోమయం, లేనివి కనిపించడం తెచ్చిపెడుతుంది.

ఇవే కారణమని నేను చెప్పలేను, అది డాక్టర్ చెప్పాలి. కానీ దయచేసి మీ అంతట మీరు ఏదీ ఆపకండి. స్ట్రిప్‌లన్నీ ఒక కవర్‌లో వేసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ఆ పసుపు మాత్ర కూడా.

ఆదోని_పత్తిరైతు | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:20

ఇన్ని ఇంగ్లీషు మందులు వేసుకుంటే ఎవరికైనా మతి పోతుంది. అన్నీ ఆపేసి దూలగొండి విత్తనాల పొడి పాలలో ఇవ్వండి. మా చిన్నాయనకు చేతులు వణికేవి, దాంతోనే తగ్గింది.

కర్నూలు_డాక్టరమ్మ | ఫిబ్రవరి 10, రాత్రి 9:10

నేను నరాల విభాగంలో పనిచేస్తున్నా. ఇక్కడ రాసింది చదివి జబ్బు తేల్చలేను, కానీ కొన్ని సంగతులు చెప్పాలి.

ముందు దూలగొండి. అన్నా, మీరు చెప్పింది ఉత్తమాట కాదు, దూలగొండి విత్తనాల్లో ఉండేది లెవోడోపానే. అందుకే మీ చిన్నాయనకు పనిచేసింది. కానీ చెంచాడు పొడిలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు, ఇప్పటికే లెవోడోపా వాడుతున్నవాళ్ళకు అది డోసు మీద డోసు. లేనివి కనిపించే మనిషికి అది ఇంకా ఎక్కువ కావచ్చు. పైగా లెవోడోపా ఉన్నట్టుండి ఆపితే ఒళ్ళు కట్టెలా బిగిసి, జ్వరం పెరిగి, ప్రాణం మీదకు వస్తుంది. "అన్నీ ఆపేయండి" అనే సలహా ఎవరికీ ఇవ్వకండి.

ఇక బుద్ధి సంగతి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదట రాసినప్పుడు ఇంద్రియాలకూ బుద్ధికీ దెబ్బ తగలదనే రాశాడు. ఆ మాట చాలాకాలం నిలిచిపోయింది. ఇప్పుడు అది నిజం కాదని తెలుసు. సిడ్నీలో కొంతమంది రోగులను ఇరవై ఏళ్ళు వెంబడించి చూశారు, అప్పటికి బతికున్నవాళ్ళలో 83 శాతం మందికి డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా బుద్ధి మందగించడం, ఉంది. భయపడమని చెప్పడంలేదు, చాలామందికి చాలా ఏళ్ళ తర్వాతే వస్తుంది.

దెబ్బ తినే తీరు వేరు. అల్జీమర్స్‌లో కొత్త సంగతి లోపల నిలవదు, అందుకే అందించినా గుర్తురాదు. పార్కిన్సన్స్ రకం జబ్బుల్లో సంగతి లోపలే ఉంటుంది, వెతికి తీయడం కష్టం. మొదటి అక్షరం అందిస్తే చెప్పేస్తారు. ఒక పని వరసగా చేయడం, రెండు పనులు ఒకేసారి చేయడం, దూరం, దిశ అంచనా వేయడం, ధ్యాస నిలపడం, ఇవి ముందు పోతాయి. నోట్ల లెక్క అందుకే తప్పుతోంది.

కదలిక కష్టం మొదలైన ఏడాదిలోపే, లేదా దానికంటే ముందే, ఇంత అయోమయం వస్తే, రోజుకో తీరుగా, పూటకో తీరుగా మారుతుంటే, స్పష్టంగా మనుషులో పిల్లలో జంతువులో కనిపిస్తుంటే, లెవీ బాడీ డిమెన్షియా అనేదాన్ని ఆలోచిస్తాం. 1912లో ఫ్రెడరిక్ లెవీ మెదడు కణాల్లో చూసిన గుండ్రటి ముద్దల పేరే అది. మీరు చెప్పిన తేదీలు దానికి దగ్గరగానే ఉన్నాయి. కానీ పైన మందులషాపు అన్న చెప్పిన మందుల సంగతి తేలేదాకా ఎవరూ ఆ పేరు అంటించకూడదు.

ఒక్క సంగతి మాత్రం కాగితం మీద రాసి బీరువాకు అతికించండి. ఎప్పుడైనా ఆయన రాత్రిపూట గలాటా చేసి క్యాజువాలిటీకి తీసుకెళ్తే, "లెవీ బాడీ అనుమానం ఉంది, హాలోపెరిడాల్ ఇవ్వకండి" అని డ్యూటీ డాక్టర్‌కు ముందే చెప్పండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఆ ఇంజెక్షన్‌తో కదలలేని స్థితికి వెళ్ళిపోవచ్చు.

ఇంకొకటి అడగాలి. ఆయన నిద్రలో కేకలు వేయడం, కాళ్ళతో తన్నడం ఎప్పుడైనా ఉందా? మీ అత్తనే అడగండి.

అనంతపురం_పెద్దకోడలు | ఫిబ్రవరి 11, ఉదయం 6:50

మేడమ్, అడిగాను. మా అత్త ఒక్కసారి నవ్వి, తర్వాత ఏడ్చింది. పదేళ్ళ కిందటి నుంచీ నిద్రలో ఎవరితోనో కొట్లాడుతున్నట్టు చేతులు విసిరేవారట. ఒకసారి ఆమె పెదవి పగిలిందట. అప్పటినుంచే వేరే మంచం వేసుకుంది. మేమంతా వాళ్ళిద్దరికీ పడటంలేదేమో అనుకున్నాం ఇన్నాళ్ళూ.

కర్నూలు_డాక్టరమ్మ | ఫిబ్రవరి 11, ఉదయం 8:15

ఇది తప్పకుండా డాక్టర్‌కు చెప్పండి. కలలో ఉండగా కండరాలు సడలిపోవాలి, ఈ జబ్బుల్లో సడలవు. కదలిక కష్టం కనిపించడానికి ఏళ్ళ ముందే ఇది మొదలవుతుంది.

ప్రొద్దుటూరు_లెక్కలసారు | ఫిబ్రవరి 11, సాయంత్రం 5:30

నాకు 68. పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్ళు. ఇది నేనే టైప్ చేస్తున్నా, గంటన్నర పడుతుంది, మా అబ్బాయిని ముట్టుకోవద్దన్నా.

మీ మామ నోట్లు పరిచి తీసి పరిచి తీసిన సంగతి చదివి చాలాసేపు అట్లాగే ఉండిపోయా. ఆయన తరఫున నేను చెప్తా. లెక్క రాకపోవడం కాదు అది. నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పా. 1,200 అంటే నాకు తెలుసు. ఐదొందలు రెండు, వందలు రెండు అని కూడా తెలుసు. కానీ మొదటి నోటు పెట్టి రెండోది తీసేలోగా, మొదటిది ఎందుకు పెట్టానో ఆ వరస తెగిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతా. అప్పుడే ఎవరో పక్కనుంచి "ఎంతసేపు నాయనా" అంటారు, ఇక అయిపోయె, మొత్తం చెదిరిపోతుంది. చుట్టూ నిలబడి చూస్తున్నారన్న టెన్షన్‌లో చేయి కూడా బిగుసుకుంటుంది.

బజారుకు పోయి మా ఇంటి సందు ఎదురుగా నిలబడి, ఇది మా సందేనా అని అనుకున్న రోజు ఉంది. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. మొహంలో కనపడదు కదా, ఈ జబ్బుకు మొహం కదలదు. లోపల ఏడుస్తున్నా బయటికి బండలా ఉంటాం, చూసేవాళ్ళు పట్టించుకోవడంలేదనుకుంటారు.

మీ ఆయనకు చెప్పమ్మా, కావాలని చేసేవాడు గోడవైపు తిరిగి పడుకోడు. అవమానం పడినవాడు తిరుగుతాడు.

ఒక ఉపాయం. కాగితం మీద పెద్ద అక్షరాలతో "500 + 500 + 100 + 100" అని రాసి ఎదురుగా పెట్టండి. వరస కాగితంలో ఉంటే చేయి చేస్తుంది. నేను స్నానానికి కూడా అట్లాగే రాసుకున్నా, గోడకు అతికించి ఉంది: చెంబు, సబ్బు, తువ్వాలు, లుంగీ. ఒకసారికి ఒక్క మాట చెప్పండి, పది లెక్కపెట్టేదాకా ఆగండి.

గుంతకల్లు_రైల్వేఇల్లు | ఫిబ్రవరి 12, రాత్రి 8:45

సార్ రాసింది మా అమ్మకు చదివి వినిపించా. మాది వేరే బాధ. మా నాన్నకు లెవోడోపాతోపాటు ప్రమిపెక్సోల్ ఇచ్చారు. ఎన్నడూ చీట్లపేక ముట్టని మనిషి ఫోన్‌లో రమ్మీ ఆడి రెండు లక్షలు పోగొట్టారు. ఇంట్లో గొడవలు, మాటలు ఆగిపోయాయి. తర్వాత తెలిసింది, ఆ మందు కొందరిలో ఆపుకోలేని కోరికలు తెస్తుందని, జూదం, కొనుగోళ్ళు, తిండి, ఏదైనా. డాక్టర్ నిదానంగా తగ్గించి ఆపారు, రెండు నెలల్లో మా నాన్న మామూలయ్యారు. ఆయన్ని ఎంతెంత మాటలన్నామో. మందు మొదలుపెట్టేటప్పుడే ఇంట్లోవాళ్ళకు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

డబ్బు సంగతిలో ఇంకోటి. మనిషికి బాగా తెలివి ఉన్న రోజుల్లోనే బ్యాంకు ఖాతా జాయింట్ చేయించండి, నామినీ పెట్టించండి, పొలం కాగితాలు ఎక్కడున్నాయో అడిగి పెట్టుకోండి. తర్వాత సంతకం కలవదు, అక్షరాలు చీమల్లా చిన్నవైపోతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది, 40 శాతం సర్టిఫికెట్ వస్తే పనికొస్తుంది. మేం సదరం శిబిరంలో చేయించుకున్నాం.

అనంతపురం_పెద్దకోడలు | ఫిబ్రవరి 27, రాత్రి 11:00

ఆలస్యమైంది, క్షమించండి. బెంగళూరులో మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వెళ్ళొచ్చాం. తెల్లవారకముందే బయల్దేరాం. దారి పొడుగునా మామ చక్కగా మాట్లాడారు, పెనుకొండ కొండ చూపించి చిన్నప్పటి సంగతులు చెప్పారు. ఇదేంటి, డాక్టర్ దగ్గర బాగుంటే నా మాట ఎవరు నమ్ముతారని భయపడ్డా కూడా.

గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నారు. గుండ్రం బాగానే గీశారు. అంకెలన్నీ ఒకవైపే ఇరికించారు, పన్నెండు నుంచి తొమ్మిదిదాకా కుడివైపే, ఎడమవైపు ఖాళీ. ముల్లు ఎక్కడ పెట్టాలో తెలియక పెన్ను అట్లాగే పట్టుకుని నావైపు చూశారు. మా ఆయన పక్కనే ఉన్నారు. బయటికొచ్చి మంచినీళ్ళ కొళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నారు. అప్పటినుంచి ఇంట్లో మొండి అనే మాట లేదు.

ఐదు పదాలు గుర్తుపెట్టుకోమంటే రెండు చెప్పారు, అందిస్తే ఇంకో రెండు. డాక్టరమ్మ రాసింది అక్కడ కళ్ళారా చూశా. వారాలు వెనక్కి చెప్పమన్నారు, శనివారం, శుక్రవారం దాకా వచ్చి ఆగిపోయారు. అక్కడ తెలుగు తెలిసిన డాక్టర్ చేశారు కాబట్టి సరిపోయింది.

లెవోసల్‌పిరైడ్, సినారిజిన్ ఆపేశారు. ట్రైహెక్సీఫెనిడిల్ కొంచెం కొంచెంగా తగ్గించమన్నారు. రక్తంలో బీ12 తక్కువ ఉంది, ఇంజెక్షన్లు రాశారు. థైరాయిడ్ బాగుంది. స్కాన్ కూడా తీశారు, పడిపోయినప్పుడు తలలో రక్తం చేరిందేమో, నీరు పెరిగిందేమో చూడాలన్నారు, అవి లేవు. పడుకుని ఉన్నప్పుడు బీపీ 140, లేచి నిలబడ్డాక మూడు నిమిషాలకు 105! తల తిరుగుడు దీనివల్లేనట, ఇన్నాళ్ళూ దానికి మాత్ర మీద మాత్ర. బీపీ మాత్ర సగం చేశారు. ఆ పసుపు మాత్ర అల్‌ప్రజోలమ్ అని అక్కడే తేలింది, దాన్ని కూడా నిదానంగా తగ్గించాలి.

లెవీ బాడీ కావచ్చు, ఆరు వారాలు చూసి చెప్తామన్నారు.

కర్నూలు_డాక్టరమ్మ | ఫిబ్రవరి 28, ఉదయం 7:40

మంచి పని చేశారు. ఈ ఆరు వారాల్లో ఉన్నట్టుండి అయోమయం పెరిగితే జబ్బు ముదిరిందనుకోకండి, ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీళ్ళు తగ్గడం చూడండి. మన ఎండలకు మార్చి నుంచే నీళ్ళు చాలవు. తర్వాత రివాస్టిగ్మిన్ మొదలుపెట్టవచ్చు. పార్కిన్సన్స్ డిమెన్షియాకు 2006లోనే అమెరికాలో అనుమతి వచ్చిన మందు. జబ్బును ఆపదు, కొందరికి ధ్యాస, లేనివి కనిపించడం కొంత మెరుగవుతాయి. వాంతులు, ఆకలి తగ్గడం, నాడి నెమ్మదించడం ఉంటాయి కాబట్టి చిన్న డోసుతో మొదలుపెడతారు, ఈసీజీ తీస్తారు.

లెవోడోపా అన్నానికి అరగంట ముందు ఇవ్వండి. పప్పు, గుడ్డు, మాంసం తిన్న వెంటనే వేస్తే ఒంటికి సరిగా పట్టదు.

కడప_మనవడు | ఫిబ్రవరి 28, రాత్రి 10:20

అక్కా, మింగేటప్పుడు దగ్గు వస్తోందేమో గమనించండి. మా జేజికి సంగటి కన్నా మజ్జిగతోనే పొలమారేది. పల్చటివే ఎక్కువ ప్రమాదమని మాకు ఆలస్యంగా తెలిసింది. ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది, దాంతోనే పోయింది. నోటినిండా కుక్కుకునేది కూడా. చిన్న చెంచా ఇచ్చి, ముద్ద ముద్దకూ ఆపాలి.

అనంతపురం_పెద్దకోడలు | ఏప్రిల్ 6, రాత్రి 9:30

మామ సంగతి చెప్పాలి. అయోమయం బాగా తగ్గింది. నేనెవరో తెలియనట్టు చూడటం ఈ నెలలో ఒక్కసారే. తల తిరుగుడు లేదు, మంచం మీద రెండు నిమిషాలు కూర్చుని లేస్తారు. కానీ పిల్లలు పోలేదు. ముందు ముగ్గురు, ఇప్పుడు ఒక్కతే, ఎర్ర గౌను పాప. జబ్బు లెవీ బాడీనే అన్నారు, రివాస్టిగ్మిన్ మొదలుపెట్టారు. మందులవల్లే అయి ఉంటే బాగుండు అని ఎంత మొక్కుకున్నానో. సగం మందులది, సగం జబ్బుది అని తేలింది.

పాప లేదని మేం వాదించడంలేదు. పొద్దు గూకకముందే వాకిట్లో పెద్ద లైటు వేస్తున్నాం, నీడలు తగ్గాక ఆ పాప వచ్చేది కూడా తగ్గింది. వచ్చిందంటే "మాకు కనపడలేదు మామా, మీకు భయమేస్తోందా" అని అడుగుతాం. లేదమ్మా అంటారు. అంతే.

లెక్కలసారూ, మీరు చెప్పినట్టు కాగితం రాసి పెట్టా. నిన్న పాలవాడు వస్తే చాప మీద కూర్చుని కాగితం చూస్తూ ఒక్కో నోటు పెట్టారు. మేమంతా లోపలికి వెళ్ళిపోయాం, పాలవాడికి ముందే చెప్పా నిలబడి చూడొద్దని. తొమ్మిది నిమిషాలు పట్టింది. నాలుగు నోట్లూ సరిగ్గా ఇచ్చారు. తర్వాత, నిన్ననే ధర పెంచావు కదా, ఈ నెల ఇంకా ఎక్కువ రావాలే నీకు అని పాలవాడినే అడిగారు.

ప్రొద్దుటూరు_లెక్కలసారు | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 12:10

తొమ్మిది నిమిషాలు మంచి టైమే అమ్మా. వచ్చే నెల కొత్త ధరకు కాగితం మార్చి రాయి. 50 రూపాయల నోట్లు కూడా కలిపి పెట్టు, ఆయనకు అవి ఇష్టంగా ఉంటాయి, వ్యాపారం చేసిన చేయి కదా.